అంటువ్యాధి రోజుల్లో ఊరి నడక దారులను మూయడం ఎలా?

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో ఉదయపు నడకకు వెళ్లే బృందాలు తమ చేతులతో బాగుచేసుకున్న దారులు చాలా ఉన్నాయి. చెరువు గట్టు మీద ఒకటి, ఏటి ఒడ్డున ఒకటి, కొండ మీది గుడికి పోయే మెట్ల పక్కన ఇంకొకటి ఉంటాయి. ఇవన్నీ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. అంటువ్యాధి ప్రబలి, జనం గుమిగూడవద్దని ప్రభుత్వం చెప్పినప్పుడు ఈ దారులను ఏం చేయాలని 2020 నుంచి నన్ను అడుగుతూనే ఉన్నారు. ‘దారి మొదట్లో ఒక తాళం వేస్తే సరిపోదా?’ అన్నదే అందరి ప్రశ్న. ప్రతిసారీ నోటితో చెప్పే కంటే ఒకసారి వరుసగా రాసి పెట్టడం మేలనిపించింది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన వారంలోనే ఒడిశా–ఆంధ్ర సరిహద్దుకు ఇటూ అటూ ఎన్నో ఊళ్లు ముళ్లకంపలు, చెట్ల దుంగలు అడ్డం వేసి తమ దారులను మూసేశాయి. ఆ భయాన్ని తప్పుపట్టలేము. కాని కంప పడిన ఆ దారిలోనే 108 వాహనం రావాలి, ఆశా కార్యకర్త రావాలి, ఊట నుంచి నీళ్ల బిందె రావాలి. మన ప్రాంతంలో ఒకే బాటన షికారుకు పోయేవారూ పొట్టకూటికి పోయేవారూ నడుస్తారు. మూసేవారి పనంతా ఈ ఇద్దరి నడకను వేరుచేయడంలోనే ఉంది. మహారాష్ట్రలోని సిరొంచ, రాజురా వైపు చదువరులు నేను ఒడియా అన్నచోట మరాఠీ అనీ, సవర అన్నచోట గోండి, మాడియా అనీ చదువుకుంటే మిగిలినదంతా వారికీ సరిపోతుంది.

మూయవలసిన జబ్బేనా?

దారిని ముట్టుకునే ముందు జబ్బు ఏ మార్గాన పాకుతున్నదో వైద్యాధికారిని అడిగి తెలుసుకోండి. కోవిడ్ వంటి శ్వాస ద్వారా వ్యాపించే జబ్బులో ఆరుబయట విడివిడిగా నడిచేవారికి ముప్పు తక్కువ. దారి మొదట్లో టీ కొట్టు దగ్గర గుమిగూడడం, ఇరుకు మెట్ల మీద ఒకరినొకరు ఒరుసుకుని పోవడం, సిమెంటు బల్లల మీద గంటల తరబడి కబుర్లాడడం అసలు ముప్పు. కాబట్టి ముందుగా మూయవలసినవి ఆ చోట్లు. 2022 జూలైలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో ప్రబలినట్టుగా వాంతులు, విరేచనాలు వచ్చినప్పుడు దారి మూసినందువల్ల ఒరిగేదేమీ లేదు. దారి పక్కన నడకవారు తాగే ఊటనో చేతిపంపునో మూసి, నీటిని పరీక్ష చేయించాలి. మల్కాన్‌గిరి జిల్లాలో 2016లో పిల్లలను బలిగొన్న మెదడువాపు వంటి దోమల జబ్బుకు చీకటి వేళల నడకను ఆపితే చాలు. కోరాపుట్ వైపు అప్పుడప్పుడు కనిపించే ఆంత్రాక్స్‌లో పశువు చనిపోయిన చోటునూ దాన్ని పాతిపెట్టిన చోటునూ మాత్రం గట్టిగా కంచె వేసి వేరుచేయాలి. 2018లో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో వచ్చిన నిపా వంటిదైతే గబ్బిలాలు వేలాడే చెట్ల కిందకు ఎవరినీ పోనివ్వకూడదు, అక్కడ రాలిన పండ్లను ముట్టనివ్వకూడదు. జబ్బు తీరు తెలియకుండా వేసిన తాళం ఊరికి ధైర్యం ఇస్తుందేమో గాని రక్షణ ఇవ్వదు.

కావలసినవి

- దారులన్నీ చేత్తో గీసిన పటం ఒకటి. అచ్చు పటం కన్నా పశువుల కాపరి చెప్పగా గీసినది మేలు.
- సంబంధిత అధికారి సంతకం, తేదీ ఉన్న ఉత్తర్వు ప్రతులు. ప్రతి ప్రవేశానికి ఒకటి, ఇంకో రెండు అదనం.
- వెదురు గడలు, తడికలు, నైలాన్ తాడు, రాత్రిపూట మెరిసే రేడియం టేపు.
- తాళాలు, ప్రతి తాళానికి కనీసం మూడు చెవులు.
- ఒడియా, తెలుగు బోర్డులు. బొమ్మతో ఉన్నవైతే ఇంకా మంచిది.
- లెక్క రాసుకోవడానికి నోటు పుస్తకం, పెన్సిలు. వానలో పెన్ను రాత చెరిగిపోతుంది.
- మైకు కట్టడానికి ఒక ఆటో, సవర ఊళ్లకైతే ఆ భాష వచ్చిన మనిషి.

1. అధికారం ఎవరిదో ముందుగా తేల్చుకోండి

నడక బృందానికి గాని, యువజన సంఘానికి గాని పదిమంది నడిచే దారిని తమంత తాముగా మూసే అధికారం లేదు. నడిచే హక్కు ఉన్న మనిషిని అడ్డగించడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరమే అవుతుంది. మంచి ఉద్దేశంతో అడ్డగించినా తగాదా తప్పదు. దారి పట్టణంలో ఉంటే పురపాలక సంఘం కార్యనిర్వహణాధికారికీ, పంచాయతీలో ఉంటే సర్పంచికీ బ్లాకు అభివృద్ధి అధికారి (బీడీవో)కీ, అడవిలో ఉంటే రేంజరు ద్వారా డివిజను అటవీ అధికారి (డీఎఫ్‌వో)కీ రాతపూర్వకంగా విన్నవించుకోవాలి. వీరందరి పైన జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఉంటుంది. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 34వ సెక్షన్ విపత్తు ప్రాంతంలో రాకపోకలను నియంత్రించే అధికారాన్ని జిల్లా యంత్రాంగానికి ఇస్తుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద ఇచ్చే నిషేధాజ్ఞ మాత్రం రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే తప్ప రెండు నెలలకు మించి చెల్లదు కాబట్టి, ఆ ముగింపు తేదీని నోటు పుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది, పాత అధికారం ఇంకా ఉందనుకోవడం. 2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు తమ పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలను అప్పగించింది. అది ఆనాటి అవసరానికి ఇచ్చినది. ఈసారి సర్పంచి సంతకం ఒక్కటే చాలునా అని అడగకుండా ముందుకు పోవద్దు. రెండవది, సరిహద్దును మరచిపోవడం. పర్లాకిమిడిలో నడక మొదలుపెట్టిన మనిషి కొద్దిసేపటికే శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో ఉంటాడు. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కలెక్టరు ఉత్తర్వు అక్కడ చెల్లదు. దారి రెండు రాష్ట్రాల్లో ఉంటే రెండు ఉత్తర్వులు కావాలి, రెండింటిలోనూ తేదీలు ఒకటిగా ఉండాలి. లేకపోతే అటు తెరిచి ఉన్న దారిలో వచ్చినవారు ఇటు మూసిన చోట గుంపుగా ఆగిపోతారు.

2. దారుల పట్టిక రాయండి

ఈ పని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది కాబట్టి దీనికి ఒక పూర్తి రోజు కేటాయించండి. పటం ముందు పెట్టుకుని బృందంలోని నలుగురే కూర్చుంటే సరిపోదు; వారికి తెలిసినది తాము నడిచే దారి ఒక్కటే. పశువుల కాపరిని, ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ కార్యకర్తను, కట్టెలకు వెళ్లే ఒక స్త్రీని, సంతకు దిగే ఒక సవర పెద్దను పిలిచి కూర్చోబెట్టండి. ప్రతి దారికీ ఈ ప్రశ్నలు వేయండి: ఈ దారిన నీటికి ఎవరు పోతారు? శ్మశానానికి వేరే దారి ఉందా? రోగిని మోసుకొచ్చే డోలీ ఆసుపత్రికి ఏ బాటన దిగుతుంది? రేషను బియ్యం ఏ బాటన ఎక్కుతాయి? ఈ నెలలో అడవిలో ఏం పండుతుంది?

చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. శీతాకాలం చివర కొండచీపురు కోతకు వస్తుంది, ఆ వెంటనే చింతపండు, మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు, ఆ తరువాత తునికాకు, జీడిపిక్క. ఈ నెలల్లో కొండ దారి మూస్తే ఒక కుటుంబం ఏడాది నగదు రాబడిలో పెద్ద భాగం పోతుంది. పైగా అటవీ ఫలసాయాన్ని సేకరించుకోవడం 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించిన హక్కు. నడక బృందం విన్నపం మీద ఆ హక్కుకు అడ్డం పడితే, రేపు అదే ఊరివారు మీ దారికి ఒక్క రాయి కూడా వేయరు.

ఇలా అడిగిన తరువాత దారులను మూడు రంగుల్లో గుర్తించండి. షికారుకు తప్ప ఇంకెందుకూ పనికిరానిది ఎరుపు. దాన్ని పూర్తిగా మూయవచ్చు. బతుకుదెరువుకు తప్పనిసరైనది పచ్చ, దాన్ని ముట్టుకోకూడదు. రెండింటికీ వాడేది పసుపు. నిజానికి సగానికి పైగా దారులు ఈ రంగులోనే తేలుతాయి. ఎరుపు దారులు మీరు అనుకున్నదానికన్నా తక్కువగా ఉంటే పట్టిక సరిగ్గా వచ్చినట్టే. అన్నీ ఎరుపుగానే కనిపిస్తే, మీరు పిలవవలసిన మనిషిని ఎవరినో పిలవలేదని అర్థం.

3. పసుపు దారులకు ఏం చేయాలో తీర్మానించండి

పసుపు దారికి నాలుగు ఉపాయాలున్నాయి. తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు నడకను ఆపి, పనికి పోయేవారిని మాత్రం వదలడం మొదటిది. చెరువు చుట్టూ తిరిగే దారి అయితే అందరినీ ఒకే దిక్కుగా నడిపించడం రెండవది. ఎదురెదురు పడడం తప్పితే ఇరుకు గట్టు మీద కూడా దూరం దానంతటదే నిలుస్తుంది. మూడవది, దారిని వదిలేసి బల్లలు, వ్యాయామ సామగ్రి, ఆటస్థలం, టీ కొట్టు ముందున్న అరుగులను మాత్రమే మూయడం. నాలుగవది, వాహనాలు నిలిపే చోటును మూయడం. దూరం నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చేవారు దీనితో సగానికి సగం తగ్గుతారు, కాలినడకన వచ్చే ఊరివారికి ఇబ్బంది ఉండదు. నాలుగింటిలోనూ ఖర్చు తక్కువై ఫలితం ఎక్కువగా కనిపించేది ఇదేనని నా అభిప్రాయం.

ఒక్క హెచ్చరిక. ఒక దారి మూస్తే అక్కడి జనం మాయమైపోరు, పక్క దారికి పోతారు. చెరువు గట్టు మూసిన మరునాడు ఏటి ఒడ్డు కిక్కిరిసిపోతుంది, అదీ మూస్తే కొందరు నౌపడా–గుణుపురం రైలు పట్టాల మీద నడవడం మొదలుపెడతారు. జబ్బు కన్నా రైలు దగ్గరి ప్రమాదం. కాబట్టి ఒక దారి మూసేముందు దాని జనం ఎక్కడికి పోతారో ఊహించి, ఆ చోటుకు కూడా ఏర్పాటు చేసుకోండి, లేదా విశాలంగా ఉన్న ఒక దారిని తెరిచే ఉంచండి.

4. మూయకముందే జనాన్ని లెక్కపెట్టండి

మూసిన తరువాత ఫలితం తెలియాలంటే ముందటి లెక్క ఉండాలి. ఒక పనిదినం, ఒక ఆదివారం ఎంచుకుని, ప్రతి ప్రవేశం దగ్గర ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఐదింటికి పదిహేనేసి నిమిషాలు నిలబడి, దాటినవారిని రెండు గడుల్లో రాయండి: చేతిలో ఏదైనా బరువు ఉన్నవారు, లేనివారు. తల మీద మోపో, భుజాన కావడో, చేతిలో బిందో ఉన్న మనిషి షికారుకు రాలేదు. ఈ లెక్క మొరటుదే, కాని ఎవరిని ఆపాలో, ఎవరిని ఆపకూడదో చెప్పడానికి ఇంతకన్నా సులువైనది నాకు దొరకలేదు.

5. బోర్డులు మాట్లాడే భాషలో రాయండి

పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడే పెద్దవారిలో చాలామందికి ఒడియా లిపి చదవడం రాదు; ఒడియా బడిలో చదివిన పిల్లలకు తెలుగు లిపి రాదు. ఒక్క భాషలో బోర్డు పెడితే సగం ఊరికి అది ఖాళీ రేకుతో సమానం. రెండు భాషల్లోనూ రాసి, చదువు రానివారి కోసం నడిచే మనిషి బొమ్మ మీద ఎర్ర గీత కొట్టండి. సవర ఊళ్లవారికి బోర్డు కన్నా నోటిమాట నయం; దాని సంగతి ఏడవ మెట్టులో చెబుతాను.

బోర్డు మీద ఐదు విషయాలు ఉండాలి: ఏ దారి, ఎందుకు మూశారు, ఎవరి ఉత్తర్వు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరెవరికి మినహాయింపు. అడుగున తాళంచెవి ఉన్నవారి ఇంటి గుర్తు, అత్యవసరానికి 108, ఆరోగ్య సలహాకు 104 రాయండి. ముగింపు తేదీ తెలియకపోతే ‘మళ్లీ పరిశీలించే తేదీ’ అని ఒకటి వేయండి. తేదీ లేని బోర్డును మూడవ వారం నుంచి ఎవరూ పట్టించుకోరు.

మాటలు చిన్నవిగా ఉండాలి. ‘ప్రజా శ్రేయస్సు దృష్ట్యా ఈ మార్గమున సంచారము నిషేధించడమైనది’ అని రాసిన ఒక బోర్డును చూశాను. దాని కింద కూర్చుని ముగ్గురు ముసలివాళ్లు నింపాదిగా చుట్ట కాల్చుకుంటున్నారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరిలో, సవరల భాష నేర్చుకుని వారికి పుస్తకాలు రాసిన మనిషి ఊరిలో అలాంటి బోర్డు పెట్టడం మనకు తగదు. ‘నడకకు ఈ దారి మూశాం. నీళ్లకు, పొలానికి, ఆసుపత్రికి వెళ్లేవారు వెళ్లవచ్చు’ అంటే చాలు. రాసిన తరువాత దారిన పోయే ముగ్గురిని ఆపి, బోర్డు ఏం చెబుతోందో చెప్పమనండి. ఇద్దరైనా సరిగ్గా చెప్పలేకపోతే తిరగరాయండి.

6. అడ్డు కట్టండి, కాని తీయగలిగేలా కట్టండి

అడ్డు పని మనిషిని బలవంతంగా ఆపడం కాదు. ఆగి బోర్డు చదివేలా చేయడం. నడుము ఎత్తున ఒక వెదురు గడ, మోకాలి ఎత్తున ఇంకొకటి కట్టి, వాటికి రేడియం టేపు చుట్టండి. కదిలే భాగానికి తడిక పెట్టి, గొలుసుతో తాళం వేయండి. ఈ కింది నాలుగింటిని ఎంతమాత్రం చేయవద్దు.

దారి మీద గొయ్యి తవ్వవద్దు. వానాకాలంలో గట్టు కొట్టుకుపోతుంది, మళ్లీ పూడ్చడానికి డబ్బు ఉండదు. ముళ్లతీగ గాని, రాత్రి కనిపించని సన్న తీగ గాని మెడ ఎత్తున కట్టవద్దు. చీకట్లో మోటారు సైకిలు మీద వచ్చేవాడి ప్రాణం పోతుంది. గజపతి జిల్లాలోని లఖారీ లోయ అడవుల వైపు నుంచి ఏనుగులు దిగే చోట ఎటువంటి తీగలూ కట్టకుండా ముందుగా అటవీ సిబ్బందిని అడగండి. ఇక, మోటారు సైకిళ్లను ఆపడానికి వంకర టింకరగా తిరిగే ఇరుకు సందు కట్టవద్దు. ఈ తప్పు చదువుకున్నవారే ఎక్కువగా చేస్తారు. డోలీ గడ పొడవుగా ఉంటుంది, ముందూ వెనుకా మోసేవారు ఉంటారు. అది వంకర సందులో తిరగదు. పురిటి నొప్పులతో ఉన్న మనిషిని అక్కడ దించి, ఎత్తి, మళ్లీ దించడం ఎలా ఉంటుందో ఒకసారి ఖాళీ డోలీతో మీరే దాటి చూడండి.

తాళంచెవి ఒకటి అడ్డుకు దగ్గరి ఇంట్లోనూ, ఒకటి ఆశా కార్యకర్త దగ్గరా, మూడవది పంచాయతీ కార్యాలయంలోనూ ఉంచండి. మూడూ ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఉండకూడదు. కొండ మీది ఊరివాళ్లు కిందికి దిగాలన్నప్పుడు చెవి కిందనే ఉంటే ప్రయోజనం లేదు.

గేటు గడియ, మెట్ల పక్క కమ్మీ వంటి చేతులు తగిలే చోట్లను రోజుకు ఒకసారి తుడవాలనుకుంటే, లీటరు నీటికి ముప్పై గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపితే సుమారు ఒక శాతం ద్రావణం వస్తుంది. కలిపిన రోజే వాడేయాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి, ఆమ్లంతో గాని మరే శుభ్రపరిచే మందుతో గాని కలపకూడదు. ఇనుమును అది తినేస్తుంది కాబట్టి పది నిమిషాల తరువాత మంచినీళ్లతో కడగండి. ఇనుప కమ్మీలకు సబ్బునీళ్లు చాలు. దారి పొడవునా పొడి చల్లడం, చెట్లకు పిచికారీ చేయడం డబ్బు దండగ. మనుషుల మీద చల్లడమైతే హానికరం. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని స్పష్టంగా వద్దన్నది.

7. చాటింపు వేయించండి

అడ్డు కట్టడానికి కనీసం రెండు రోజుల ముందు ఆటోకు మైకు కట్టి, ఒడియాలోనూ తెలుగులోనూ చెప్పించండి. కొండ ఊళ్లవారికి సంత రోజే సరైన సమయం. సవర వచ్చిన మనిషి సంతలో నాలుగు చోట్ల నిలబడి చెబితే సాయంత్రానికి ఆ మాట కొండ ఎక్కుతుంది. గ్రామ ఆరోగ్యం చూసే గావ్ కళ్యాణ్ సమితిని, వన సంరక్షణ సమితిని ముందే కలుపుకోండి; వారి నోట వచ్చిన మాటకు ఉన్న బరువు మన మైకుకు ఉండదు.

వాట్సాప్‌లో పంపే ప్రతి సందేశంలోనూ మొదటి వరుసలోనే తేదీ వేయండి. తేదీ లేని మూసివేత సందేశం ఆరు నెలల తరువాత కూడా తిరుగుతూ, తెరిచిన దారిని మూసినట్టు చూపిస్తుంది. బయటి ఊళ్లవారు ఫోనులోని పటం చూసుకుని వస్తారు కాబట్టి గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటును తాత్కాలికంగా మూసినట్టు సూచించండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీతను చెరిపేయవద్దు. ప్రవేశం లేదన్న గుర్తు మాత్రం మార్చి, తెరిచిన రోజున తీసేయండి. మహాశివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే యాత్రికుల వంటి పెద్ద గుంపుల సంగతి బృందం స్థాయిలో తేలేది కాదు. అది జిల్లా యంత్రాంగం పని, దానికి మీ బోర్డులు చాలవు.

8. కాపలా ఉండేవారికి మాటతీరు నేర్పండి

మొదటి వారం ఉదయం, సాయంత్రం ప్రతి అడ్డు దగ్గరా ఇద్దరు ఉండాలి. వారిలో ఒకరు స్త్రీ అయితే మేలు. కర్ర పట్టుకోకూడదు, ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టకూడదు, జరిమానా వసూలు చేయకూడదు. ఆ అధికారం మనకు లేదు. ‘నమస్కారమండీ, ఎటు వెళ్తున్నారు?’ అని అడిగి, పనికి వెళ్తున్నామంటే తడిక తీయడమే వారి పని. పనికి వెళ్తున్నానన్న మనిషిని రుజువు చూపమనకూడదు. నలుగురు షికారువాళ్లు అబద్ధం చెప్పి దాటినా నష్టం లేదు, నీళ్లకు పోయే ఒక్క మనిషిని తిప్పి పంపితే మాత్రం మూసివేత మీద ఊరికి నమ్మకం పోతుంది. గొడవకు దిగేవారితో వాదించకుండా వదిలేసి, అదే మనిషి రోజూ వస్తుంటే పంచాయతీకి చెప్పండి. కాపలా మనిషికి జ్వరమో దగ్గో ఉంటే ఆ రోజు రావద్దు. ఈ మాట చెప్పనవసరం లేదనుకుంటారు గాని, చెప్పకపోతే వస్తారు.

9. ఫలితాన్ని పరీక్షించండి

మూసిన మూడవ రోజునా, పదవ రోజునా నాల్గవ మెట్టులో చేసినట్టే అవే వేళల్లో, అవే చోట్ల మళ్లీ లెక్కపెట్టండి. చేతిలో బరువు లేనివారు బాగా తగ్గి, బరువు ఉన్నవారు ఇంచుమించు అంతే ఉంటే పని సరిగ్గా జరుగుతున్నట్టు. ఇద్దరూ తగ్గితే మీరు పొట్టకూటి దారిని మూశారు. ఆ రోజే ఒక తడిక తీసేయండి. ఇద్దరూ తగ్గకపోతే పక్కన ఎక్కడో దొంగదారి పడింది.

దొంగదారి పట్టుకోవడానికి కాపలా అవసరం లేదు. అడ్డుకు కొంచెం లోపల, దారి వెడల్పునా ఒక మీటరు మేర రెండు వేళ్ల మందాన ఏటి ఇసుక పరచి, సాయంత్రం చీపురుతో చదును చేయండి. తెల్లవారేసరికి చెప్పుల జాడలు, బూట్ల జాడలు, పశువుల గిట్టలు వేరువేరుగా కనిపిస్తాయి. బూట్ల జాడలు ఎక్కువగా ఉంటే వచ్చింది షికారువాళ్లే. వాన పడిన రాత్రి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. ఆ ఉదయం టీ కొట్టు యజమానిని అడగండి, ఆయన చెప్పే లెక్కకు మీ పుస్తకం సాటి రాదు.

ఇంకొక పరీక్ష తప్పనిసరి. ఒక రాత్రి పదింటి తరువాత, ముందుగా చెప్పకుండా, తాళంచెవి ఉన్నవారికి ఫోను చేసి తడిక తీయమనండి. ఫోను మోగిన దగ్గరి నుంచి దారి తెరుచుకునే వరకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. పది నిమిషాలు దాటితే చెవిని ఇంకొకరికి ఇవ్వండి. కొండ కింద ఫోను సిగ్నలు లేని చోట తాళమే వేయవద్దు, కొక్కెం చాలు. ఒక ఊళ్లో గేటు చెవి ఉన్న పెద్దమనిషి పెళ్లికి పోయి రెండు రోజులు రాలేదు. చివరకు గొలుసు కోసి తెరిచారు. మూడు చెవులని నేను పట్టుబట్టేది అందుకే.

10. తెరవడం

ఉత్తర్వు గడువు ముగిసిన రోజునో, రద్దయిన రోజునో తెరవాలి. ‘ఇంకో వారం చూద్దాం’ అని సొంతంగా పొడిగిస్తే మీ దగ్గర ఉత్తర్వు లేనట్టే. అన్నీ ఒక్కరోజే తెరిస్తే అందరూ ఒక్కరోజే వస్తారు కాబట్టి, వెడల్పైన దారులను సోమవారం వంటి పనిదినాన ముందుగా తెరిచి, ఇరుకు మెట్లను, కూర్చునే బల్లలను చివరికి ఉంచండి.

జనం రాకముందు ఇద్దరు మనుషులు పగటిపూట దారి మొత్తం నడిచి చూడాలి. నెలల తరబడి మనిషి అలికిడి లేని బాటలో పడిపోయిన చెట్లు, వానకు వదులైన రాళ్లు, కమ్మీలకు పట్టిన తేనెపట్టులు, బల్లల కింద పాములు ఉండవచ్చు. ఎలుగుబంట్ల జాడ కనిపిస్తే అటవీ సిబ్బందికి చెప్పి, వారు సరేనన్నాకే తెరవండి. చేతిపంపు ఉంటే నిలవ నీరు పోయేవరకు కొట్టి, ఆ తరువాతే తాగనివ్వండి.

మూసిన రోజున ఎన్ని బోర్డులు పెట్టారో నోటు పుస్తకంలో ఉంటుంది. అన్నింటినీ లెక్కచూసి పీకేయండి. ఒక్కటి మిగిలినా, మళ్లీ అవసరం వచ్చినప్పుడు కొత్త బోర్డును కూడా పాతదే అనుకుంటారు. గడలు పాతిన గుంతలను మట్టితో పూడ్చి కాలితో గట్టిగా తొక్కండి, తడికలను చెద పట్టకుండా పంచాయతీ కార్యాలయం అటక మీద పెట్టి, తాళంచెవులను వాటికే దారంతో కట్టి, ఏ చెవి ఏ దారిదో చిన్న చీటీ మీద రాసి అంటించండి.